దివిసీమకి మా ఊరి లారీ

మాది నందిగామ పక్కన మెట్ట ఊరు. 1977 నాటికి మా ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చని మా నాయనమ్మ అనేది. మాఘ పౌర్ణమికి మంగినపూడి వెళ్ళి స్నానం చేసొచ్చిన కరణంగారి కుటుంబం, మిలిటరీలో పనిచేసి వచ్చిన ఒకాయన, అంతే. కానీ ఆవిడ లెక్కలో పల్లె వాళ్ళు లేరు. హరిజనవాడ అని అప్పట్లో కాగితాల్లో రాసే ఆ పల్లె నుంచి చాలా కుటుంబాలు ఏటా వరి కోతలకి డెల్టాకి పోయేవి. కొడవళ్ళు, చిన్న పిల్లలు, ఒక చాప, ఒక కుండ పట్టుకుని వెళ్ళి, సంక్రాంతి నాటికి ధాన్యంతో తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళలో సగం మంది వెళ్ళేది కృష్ణానది సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమకే. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ ఏడాది కూడా నవంబరు నెలాఖరుకి బయల్దేరడానికి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. నవంబరు 19, శనివారం. అప్పుడు నేను ఆరో తరగతి. ఆ రాత్రి మాకు గాలి, వాన బాగానే పడ్డాయి. జొన్నచేలు నేలకొరిగాయి, రెండు మూడు పాకల కప్పులు లేచిపోయాయి, స్కూలు ముందున్న వేపచెట్టు కొమ్మ విరిగింది. తెల్లారి పిల్లలం ఆ కొమ్మెక్కి ఊగుతూ పెద్ద తుఫాను చూసేశామనుకున్నాం.

అసలు సంగతి రెండు మూడు రోజులకి గానీ మా ఊరికి చేరలేదు. టెలిఫోన్ స్తంభాలు కూలిపోయాయి, రోడ్లకి అడ్డంగా చెట్లు పడ్డాయి. మునసబుగారి ట్రాన్సిస్టర్ చుట్టూ సాయంత్రం వార్తలకి జనం మూగేవాళ్ళు. తర్వాత పేపర్లలో ఫొటోలు వచ్చాయి. మా నాన్న ఆ పేపరు మడిచి దూలం మీద పెట్టేసేవాడు, పిల్లలు చూడకూడదని. మేం చూడకుండా ఉంటామా! నల్లటి మసక ఫొటోలో వరసగా పడుకోబెట్టిన ఆకారాలు. మనుషులో పశువులో తేల్చుకోలేకపోయాను. సాయంత్రం వేళ ఇరవై అడుగుల ఎత్తున సముద్రం లేచి వచ్చిందని, దివిసీమలో సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని పెద్దవాళ్ళు చదివి చెప్పుకునేవాళ్ళు. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేలు దాటారు. అక్కడి వాళ్ళని అడిగితే అంతకు చాలా ఎక్కువ చెబుతారు.

ఆ రోజుల్లో రాష్ట్రమంతా కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ముందుండి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చింది. అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మేం మొదటిసారి విన్నది అప్పుడే. విజయవాడలో ఏ సందు చూసినా బట్టల మూటలు, బియ్యం బస్తాలేనని బస్సు కండక్టర్లు చెప్పేవాళ్ళు. మా పక్క ఊరి నుంచి అప్పటికే ఒక లారీ బ్యానరు కట్టుకుని వెళ్ళొచ్చింది. ఇక మా ఊరు ఊరుకుంటుందా? జాలి ఎంత ఉందో పంతం కూడా అంతే ఉంది. అందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం. పంతంతో ఇచ్చిన బియ్యమైనా ఉడికేది అన్నమే.

రామాలయం అరుగు మీద మీటింగు పెట్టారు. కార్తీకమాసం. ఊరి సమారాధన ఇంకా జరగలేదు. ఆ ఏడాదికి అది మానేసి, దానికి పోగేసిన బియ్యం, కందిపప్పు, డబ్బు మొత్తం దివిసీమకి పంపుదామని మా హెడ్మాస్టారు అన్నారు. ఎవరూ కాదనలేదు. తర్వాత ఇంటింటికీ తిరిగి పోగుచెయ్యడం మా పిల్లల పని. రెండు జట్లు, ఒక్కో జట్టుకి ఒక కావిడి. "దివిసీమకండీ" అని గడప ముందు అరిస్తే చాలు, చేట నిండా బియ్యమో జొన్నలో తెచ్చి పోసేవాళ్ళు. పాత బట్టలైతే కుప్పలు. ఎంత పిసినిగొట్టు ఇంట్లోనైనా పాత బట్టలకి మాత్రం లోటు లేదు.

బట్టలు కుక్కడానికి గోతాలు కావాల్సి వచ్చాయి. మా ఊళ్ళో గోతాలంటే మిరపకాయల గోతాలే. మగవాళ్ళు వాటిల్లో చీరలు, చొక్కాలు కూరి కుట్టేస్తుంటే మా నాయనమ్మ చూసి కేకలేసింది. "ఒరేయ్, అవి కట్టుకున్నవాళ్ళు ఒళ్ళు మండి చస్తార్రా! అసలే ఉప్పునీళ్ళల్లో నానిన ఒళ్ళు." కుట్టినవన్నీ విప్పించింది. గోతాలు తిరగేసి చెరువులో ఉతికించి, గట్టున ఆరబెట్టించింది. ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్ళంతా తుమ్ములే తుమ్ములు.

ఆవకాయ ఆలోచన ఎవరిదో నాకు తెలియదు. అన్నం దొరికినా నంజుకోవడానికి ఏముంటుందని ఎవరో ఆడవాళ్ళు అనుంటారు. ఇంటికో గిన్నెడు ఆవకాయ తేవాలన్నారు. దేంట్లో పట్టుకెళ్ళాలి? జాడీలైతే పగులుతాయి. సమారాధనకని కొత్తగా కళాయి వేయించి పెట్టిన రామాలయం గంగాళం ఉంది. అంచు చుట్టూ ధర్మకర్త గారి తాత పేరు చెక్కి ఉంటుంది. ఊళ్ళో ఏ పెళ్ళయినా అదే గంగాళం. ఇద్దరు మనుషులు కర్ర దూర్చి మోస్తే గానీ కదలదు.

పూజారిగారు అడ్డం చెప్పారు. "దేవుడి గంగాళంలో వెల్లుల్లి ఆవకాయ వేస్తారా?" న్యాయమైన ప్రశ్నే. ఊళ్ళో నాలుగైదు ఇళ్ళు తప్ప అందరూ వెల్లుల్లి వేసేవాళ్ళే. ఆ నాలుగైదు ఇళ్ళలో ఒకటైన కరణంగారి భార్యే తీర్పు చెప్పింది. "అక్కడ శవాల మధ్య అన్నం తింటున్నారు. ఇక్కడ మనం వెల్లుల్లి ఏరుకుంటూ కూర్చుందామా? వచ్చాక పుణ్యాహవాచనం చేసుకోండి, గంగాళం శుద్ధి అవుతుంది." ఆ మాటన్నది ఆవిడ కాబట్టి చెల్లింది. ఇంకెవరన్నా సాయంత్రం దాకా వాదన నడిచేది.

ఇక ఆవిడే గరిట పట్టుకుని గంగాళం పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే గిన్నెలు తెచ్చి వంపుతున్నారు. ప్రతి గిన్నెలో గరిటె పెట్టి కలియబెట్టి చూస్తుంది. "ఏమే, ముక్కలు నువ్వుంచుకుని గుజ్జు తెచ్చావా?" అని ఒకావిడని వెనక్కి పంపింది. ఆవిడ ఇంటికెళ్ళి, మొహం ముడుచుకుని, ఈసారి ముక్కలే తెచ్చింది. నువ్వుల నూనెది, వేరుశనగ నూనెది, బెల్లం ఆవకాయ, పెసర ఆవకాయ, మెంతులు ఎక్కువైంది, ఉప్పు ఎక్కువైంది అన్నీ దాంట్లోనే పడ్డాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళకి ఎవరి ఆవకాయ వాళ్ళకి గొప్ప. పెళ్ళిచూపుల్లో కూడా దాని ప్రస్తావన వచ్చేది. అలాంటిది అన్నీ కలిసి ఎర్రగా ఒకే ముద్దయ్యేసరికి, కాసేపు అందరూ చుట్టూ నిలబడి చూశారు. నాయనమ్మ వేలితో కొంచెం తీసి నాలిక మీద రాసుకుని, "బానే ఉందర్రా" అంది, కాస్త ఆశ్చర్యంగా.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ గంగాళంలో ఊరంతటి ఆవకాయ కలిసిందని తర్వాత ఎంత గొప్పగా చెప్పుకున్నా, పల్లె నుంచి వచ్చిన గిన్నె అందులో ఒక్కటీ లేదు. వాళ్ళని తెమ్మని ఎవరూ అడగలేదు, వాళ్ళు తేలేదు. గింజలు మాత్రం తెచ్చారు. కూలికొచ్చిన జొన్నల్లోంచి ఇంటికి మానెడు. కొలిచే ఆయన వాటిని వేరే గోతంలో పోయిస్తున్నాడు. హెడ్మాస్టారు అది చూశారు. అప్పటికప్పుడు నీతులు చెప్పలేదు. "సగం నిండిన గోతాలతో లారీలో చోటు చాలదు, దాన్ని ఇందులో వంపండి" అని ఇంకో గోతం మూతి విప్పి తానే పట్టుకున్నారు. వంపేశారు. వాదన పెట్టుకుని ఉంటే ఆ పని అయ్యేది కాదని ఇప్పటికీ నా నమ్మకం. చోటు చాలదంటే ఎవరు మాత్రం ఏమంటారు?

ఆయన చేసిన ఇంకో మంచి పని, కోతల ముఠా మేస్త్రిని పిలిపించడం. పల్లె ముఠాలని ఏటా దివికి నడిపించుకెళ్ళే పెద్దమనిషి. అరుగు కింద నిలబడి, లారీ చుట్టూ పేర్చినవన్నీ ఒకసారి చూసి అడిగాడట, "నీళ్ళెట్టా అయ్యగారూ?" ఎవరికీ అర్థం కాలేదు. మెట్టలో బావి తవ్వితే మంచినీళ్ళే. "అక్కడ బావి తవ్వితే ఉప్పండీ. కాలవ నీళ్ళు చెరువుకి పెట్టుకుని అవే తాగుతారు. సముద్రం వచ్చి చెరువులో పడిందంటే ఇంక తాగే చుక్క ఉండదు. నీళ్ళు తెచ్చిపెట్టినా పోసుకోను కుండ ఉండాలి గదా. ఇళ్ళే పోయినోళ్ళకి కుండలెక్కడియ్యి?"

అంతవరకూ మా ఊరి లారీలో ఒక్క కుండ లేదు. కుమ్మరి ఇంటి మీద పడ్డారు. ఆయన వాములో ఉన్నవన్నీ ఇచ్చేశాడు. సగానికి డబ్బు తీసుకున్నాడు, సగానికి వద్దన్నాడు. ఒక్కో కుండకీ జొన్నచొప్ప చుట్టి, మధ్యమధ్యలో గడ్డి కూరి, ఆఖరి వరసలో పేర్చారు. మేస్త్రి చెప్పినవే ఇంకొన్ని చేరాయి. అగ్గిపెట్టెలు, ఉప్పు, కిరసనాయిలు డబ్బా, తాళ్ళు, నాలుగు గునపాలు. కోమటి తాత అగ్గిపెట్టెలు అరువు మీద ఇచ్చి, ఆ పద్దు ఏ పేరు మీద రాయాలో తెలియక 'దివి' అని రాసుకున్నాడు. చాలా ఏళ్ళు ఆయన పుస్తకంలో ఆ ఖాతా అలాగే ఉండిపోయిందని వాళ్ళబ్బాయి నవ్వుతూ చెప్పేవాడు.

లారీ మీద మా బాబాయి, హెడ్మాస్టారు, మేస్త్రి, ఇంకో నలుగురు కుర్రాళ్ళు వెళ్ళారు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా బాబాయి చెప్పగా విన్నదే. ఆయన ఈ కథ చాలాసార్లు చెప్పాడు. కొన్ని వివరాలు పెరిగుంటాయి, కొన్ని రాలుంటాయి. మామూలుగా ఏ సంగతైనా తేలిగ్గా మాట్లాడే మనిషి, దివి దగ్గరికొచ్చేసరికి మాత్రం నెమ్మదిగా చెప్పేవాడు.

ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్ళారు. చల్లపల్లి దాటాక లారీ నడకే. ముందూ వెనకా లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబళ్ళు. ఏ ఊరివో బ్యానర్లు. అవనిగడ్డ చేరేలోపే వాసన మొదలైంది. తలలు తెగిన తాడిచెట్లు. కొన్ని చెట్ల మీద చీరలు చుట్టుకుని వేలాడుతున్నాయి. అవి ఎవరూ ఆరేసినవి కావు. నిలబడిన గోడల మీద మనిషి ఎత్తుకి పైన బురద గీత. కోతకొచ్చిన వరి పొలాలు పడుకుని, ఆరిన చోటల్లా తెల్లగా ఉప్పు. "మన మేస్త్రి ఆ పొలాల వంక చూసి, ఫలానా ఆసామివి, ఫలానా గట్టు దగ్గర మేం పాక వేసుకునేవాళ్ళం అని చెప్పుకుంటూ వచ్చాడ్రా. ఆ ఆసామి ఉన్నాడా అని ఒక్కర్నీ అడగలేదు" అనేవాడు బాబాయి.

రోడ్డు వారన బట్టల కుప్పలు పడి ఉన్నాయట. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చినవి. ప్యాంట్లు, కోట్లు, స్వెట్టర్లు, కాలర్ల చొక్కాలు. జాలర్ల ఇళ్ళల్లో ప్యాంటు ఎవరు వేస్తారు? ఆడవాళ్ళు అడిగింది లంగాలు, రవికలు. ఆ రెండూ ఎవరూ ఇవ్వరు, సిగ్గు. మా గోతాల్లో కూడా అవి దాదాపు లేవు. ఉతికి ఆరేసిన మా బట్టల గోతాలు కూడా ఆ కుప్పల పక్కనే చేరాయని చెప్పినప్పుడు నాయనమ్మ మొహం చూడాల్సింది.

అవనిగడ్డలోనే దింపేసి వెళ్ళిపొమ్మని కొందరన్నారట. మేస్త్రి ఒప్పుకోలేదు. "రోడ్డు పక్కనోళ్ళకి ప్రతి లారీ ఆగుతుందయ్యగారూ. లోపలికి పోదాం" అని కోడూరు వైపు ఒక దారి చూపించాడు. కొంతదూరం పోయాక లారీ కదల్లేదు. అక్కణ్ణుంచి తలమీద మోసుకెళ్ళారు. (ఈ రోడ్డు పక్క సంగతి ఇప్పటికీ మారలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో కూడా ఆహారం అందించారు. అయినా లోపలి వీధుల వాళ్ళు మా దాకా ఏమీ రాలేదని మొత్తుకోవడం టీవీలో చూస్తూనే ఉన్నాం. అలాంటి చోట సందులు తెలిసిన ఒక ఆటో డ్రైవరుని వెంటబెట్టుకుంటే చాలనిపిస్తుంది నాకు.)

కుండల్లో మూడోవంతు దారిలోనే పగిలిపోయాయి. మిగిలినవి దింపడం ఆలస్యం, జనం వచ్చేశారు. చిత్రమేమిటంటే కుండలతో పాటు వాటికి చుట్టిన జొన్నచొప్ప కోసం కూడా పోటీ పడ్డారట. గడ్డివాములన్నీ కొట్టుకుపోయాయి. ఏ పొద చాటునో బతికిన ఒకటీ అరా గేదెలకి తినడానికి పరక లేదు. ఒక ముసలాయన చొప్ప మొత్తం ఏరి మోపు కట్టుకుని, పగిలిన కుండల పెంకులు కూడా పక్కకి తోసి, కింద రాలిన ఆకు సైతం ఊడ్చుకుపోయాడు. మేం ప్యాకింగ్ అనుకుని కూరింది అది. కార్తీక సమారాధన కందిపప్పుని అంత ఆత్రంగా ఎవరూ తీసుకోలేదట.

ఆవకాయ మాత్రం ఒక్క పూటలో ఖాళీ. ఎవరో వాలంటీర్లు పెద్ద పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. వరసలో కూర్చున్నవాళ్ళందరికీ మా గంగాళంలోంచి గరిటెడు వేసుకుంటూ పోయారు. ఒక జాలరి ఆడమనిషి మొదటి ముద్ద తిని, కళ్ళనీళ్ళు తిరిగి, "మీ మెట్టోళ్ళ కారం పాడుగాను!" అని తిట్టి, ఇంకో గరిటె వెయ్యమందట. తుఫాను తర్వాత అక్కడ తాను విన్న మొదటి తిట్టు అదేనని బాబాయి చెప్పేవాడు.

వచ్చేముందు గంగాళం బోర్లించి, చింతపండు పులుసుతో తోమి, లారీ ఎక్కిద్దామనుకుంటుంటే ఆ ఊరివాళ్ళు అడిగారు, అది వదిలి వెళ్ళమని. ట్యాంకరు నీళ్ళు రోజుకి ఒకసారో, రెండు రోజులకి ఒకసారో వస్తాయి. పట్టి ఉంచుకోవడానికి ఊరు మొత్తానికి పెద్ద పాత్ర ఒక్కటీ లేదు. హెడ్మాస్టారు బాబాయి వంక చూశారు. బాబాయి మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి, "నన్ను చూస్తారేందయ్యా, గుడి గంగాళం గురించి నేనేం చెప్పేది" అన్నాడట. చివరికి బాబాయే "ఉంచుకోండి" అన్నాడు.

మా ఊరికి లారీ తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. జనమంతా అక్కడి కబుర్లు అడుగుతుంటే ధర్మకర్త తాత లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టార్పాలిన్ ఎత్తి చూశాడు. "గంగాళమేదిరా?" అన్నాడు.

తర్వాత జరిగిన గొడవ చిన్నది కాదు. దానమిచ్చింది ఆవకాయా, గంగాళమా అని పంచాయతీ. పూజారిగారు పుణ్యాహవాచనానికి సిద్ధం చేసుకున్న సామగ్రి ఇంటికి పట్టుకెళ్ళారు. తన తాత పేరున్న వస్తువు ఎవరో జాలర్ల ఊళ్ళో పడి ఉందని ధర్మకర్త బాధ. "అక్కడ రోజూ వందమంది ఆ పేరు చూసుకుంటూ నీళ్ళు ముంచుకుంటారు. ఇక్కడ ఏడాదికి నాలుగుసార్లు చూసేవాళ్ళు" అని కరణంగారి భార్య అనేసరికి తగ్గాడు గానీ, పూర్తిగా కాదు.

పల్లె వాళ్ళకి ఆ ఏడాది దివి కోతలు లేవు. ఉప్పు పట్టిన పొలాల్లో కోసేదేముంది? వాళ్ళ ఇళ్ళల్లోకి రావలసిన ధాన్యం రాలేదు. తుఫాను మా ఊళ్ళో కూడా కొందరిని గట్టిగానే కొట్టిందని చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. హెడ్మాస్టారు, మునసబుగారు కలిసి చెరువు పూడిక పని పెట్టించి వాళ్ళకి కొన్నాళ్ళు కూలి దొరికేట్టు చేశారు. అది సరిపోలేదు. దాని కోసం ఎవరూ మీటింగు పెట్టలేదు, కావిడి పట్టుకుని ఎవరి గడప ముందూ అరవలేదు.

కొత్త గంగాళానికి మాత్రం చందాలు మొదలయ్యాయి. దివిసీమ అంటే చేటల్లో పోసినవాళ్ళే, గంగాళం అనేసరికి "పంటలొచ్చాక చూద్దాం" అన్నారు. ఏప్రిల్‌లో శ్రీరామనవమి వచ్చింది. పానకం కలపడానికి ఏమీ లేక ఒక ఇనప డ్రమ్ము కడిగి తెచ్చారు. ఎన్ని మిరియాలు వేసినా తుప్పు వాసన పోలేదు. జనం తాగుతూ మొహాలు చిట్లిస్తున్నారు. పానకం పోసే పని మా బాబాయి తీసుకున్నాడు. చెంబు డ్రమ్ము గోడకి తగిలి ఠంగుమన్నప్పుడల్లా ధర్మకర్త తాత ఆయన వంక ఒక చూపు చూసేవాడు. బాబాయి వినపడనట్టు, "ఇంకొంచెం పొయ్యమంటావా మామా?" అని అడిగేవాడు.